ముందు సున్నా చూపించమనే జెనీ

ఖరగ్‌పూర్ చరిత్రలో మహాయుద్ధాలు తక్కువ గనక, ఝపటాపూర్ కూరల దుకాణాల్లో జెనీ నెలకొల్పిన ఆచారానికి ముందు వరసలో చోటివ్వక తప్పదు. ఎలక్ట్రానిక్ కాటా మీద ఏమీ పెట్టకుండా అంకె చూపించాలి. వంకాయల సంగతి ఆ తర్వాతే. "దాదా, ముందు సున్నా" అంటే మొదట్లో నొచ్చుకున్న దుకాణదారులు ఇప్పుడు ఆమె దూరాన కనబడగానే కాటా తుడిచి, జెండావందనానికి నిలబడ్డంత గంభీరంగా పక్కకు తప్పుకుంటున్నారు.

జెనీది నిమ్‌పురా రైల్వే యార్డులో తరాలుగా పనిచేసిన తెలుగు కుటుంబం. ఆమె మాత్రం క్యాన్సర్ ఆసుపత్రిలో ఫిజిసిస్టు. రేడియేషన్ యంత్రానికి ఎదురుగా ఒక పలక ఉంటుంది. కిరణాలను ఫొటోలా పట్టి, డాక్టరు రాసినంతే పడుతున్నాయో లేదో చెబుతుంది. ఆ పలక నిజం చెప్పేలా సరిదిద్దడం జెనీ పని.

ఆ బుధవారం పలక పేచీ పెట్టింది. సిరిల్ వంతుకు ముందు పరీక్షిస్తే, ఉండవలసినదానికన్నా నూటికి మూడు పాళ్లు ఎక్కువ చూపించింది. సిరిల్ రిటైరైన రైలు గార్డు, చిన్నప్పుడు జెనీకి సండేస్కూల్లో పాటలు నేర్పినవాడు. ఆయనకు గొంతు క్యాన్సర్. డోసు ఎక్కువైతే గొంతు మాడుతుంది, మధ్యలో ఆపితే రోగం పుంజుకుంటుంది.

జెనీ ఆపేసింది.

"ఏటమ్మా, సిగ్నల్ పడలేదా?" అన్నాడాయన బెంచీ మీంచి, బొంగురుగా.

"ఎర్రే ఉంది అంకుల్. మిషనే ఎక్కువిస్తందో, పలక అబద్ధమాడతందో తేల్సాల."

"తేల్సు. గార్డు పని సేసినోడికి ఆగడం కొత్తేటి?"

పక్కనున్న ఆయన భార్య సూసన్న ఊరుకోలేదు. "ఆగడమంటే ఈయనకి సరదా. గూడ్సు ఆగిపోనాదని పెళ్లికీ లేటుగానే వచ్చినాడు."

జెనీ నీళ్లతొట్టెలో వేరే కొలత సాధనం పెట్టి యంత్రాన్ని పరీక్షించింది. యంత్రం నిర్దోషి. దోషి పలకే. మరి పొద్దున ఆ పలకను సరిదిద్దిన మహానుభావురాలెవరు? జెనీయే.

చేసినవన్నీ ఒక్కొక్కటే నెమరేసుకుంటే విషయం బయటపడింది. నిన్న నడుంనొప్పన్న సిరిల్ అంకుల్ అవస్థపడకూడదని పొద్దున్నే రోగి పడుకునే బల్లను ఆయనకు తగ్గట్టు సర్దిపెట్టింది. దాన్ని తప్పించకుండానే పలకను సరిదిద్దింది. బల్ల గుండా వచ్చి కాస్త తగ్గిన కిరణాలనే పలక పూర్తి కిరణాలని నమ్మింది. బల్ల తీసి పరీక్షించేసరికి మామూలు కిరణాలే దానికి ఎక్కువగా కనిపించాయి. ఊళ్లో కాటాలన్నీ ఖాళీ చేయించిన మనిషి తన కాటా మీద బల్లనే వదిలేసింది.

"మళ్లీ సరిసేసేద్దాం దీదీ. ఎవులికి తెలుస్తాది?" అన్నాడు టెక్నీషియన్ టోని.

"నాకు తెలిసిపోనాది కదేటి" అని జెనీ డాక్టరుకు చెప్పి, తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చింది.

"తప్పు నాదే అంకుల్. బల్ల తియ్యకుండా పలక సరిసేసినాను."

"మరి నిన్నటిదాకా?" సూసన్న బెంచీ మీంచి లేచింది.

"నిన్నటిదాకా అంతా సరిగ్గానే పడింది ఆంటీ. పలకని నేను సెడగొట్టింది ఇయ్యాల పొద్దున్నే."

సిరిల్ ముందుకు వంగాడు. "బల్ల నా కోసరమే సర్దినావు కదా, ఆ ముక్క సెప్పవేటి?"

జెనీ యంత్రం గదిలోకి నడిచింది. బల్ల తప్పించి పలకను మళ్లీ సరిదిద్దింది. నీళ్లతొట్టె లెక్కతో పోల్చింది, డాక్టరుకు చూపించింది. సూసన్న కళ్లు మూసుకుని ప్రార్థించింది. సిరిల్ లోపలికి వెళ్లాడు, బరువైన తలుపు మూసుకుంది.

ఆ రోజు ఆయనకు పడింది రోజూ పడే డోసే.