అప్పన్న వెన్నులో పడుకున్న పురుగు

1983లో నేను విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో, న్యూరోసర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. కంచరపాలెం నుంచి అప్పన్న అనే పోర్టు కలాసీని భార్య నూకాలు రిక్షాలో తీసుకొచ్చింది. బస్తాలు మోసే మనిషికి రెండు నెలల్లో కాళ్ళు పట్టు తప్పాయి.

మైలోగ్రామ్ తీశాం. అంటే, వెన్నులోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. హైడాటిడ్ సిస్ట్ అయ్యుంటుందన్నారు సర్జన్ గారు. కుక్కల పేగుల్లో ఉండే పురుగు గుడ్లు మన నోట్లోకి పోతే, ఒంట్లో నీటి సంచులు పెరుగుతాయి. అప్పన్నకి అవి వెన్నుపాముని నొక్కుతున్నాయి. తీసేటప్పుడు సంచి పగిలితే జబ్బు మళ్ళీ మొలుస్తుంది.

ఇదంతా అప్పన్నకి నేను ఒక్క ముక్కలో చెప్పేశాను. "నీ వెన్నులో పురుగు సంచి ఉంది. పగలకూడదు. జాగ్రత్త."

మర్నాడు రౌండ్స్‌లో కాలివేళ్ళు కదపమంటే అప్పన్న కదపలేదు. మోకాలు ఎత్తమంటే పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.

"నిన్న కదిపాడు కదా!" సర్జన్ గారి ముఖం మారిపోయింది. వెన్నుపాము పూర్తిగా నలిగితే ఇక నడక రాదు. సోమవారం చేయాల్సిన ఆపరేషన్ ఆ మధ్యాహ్నానికే మార్చారు. నూకాలు వరండాలో కూలబడి ఒకటే ఏడుపు.

వీపు షేవ్ చేద్దామని తెర లాగాను. అప్పన్న ఎడమకాలి బొటనవేలితో కుడి మడమ హాయిగా గోక్కుంటున్నాడు.

"అప్పన్నా! కాలు కదుల్తోంది కదయ్యా!"

"ఉష్! మెల్లిగా సిస్టరమ్మా. అది పడుకుంది. నాను కదిల్తే లెగిసి సంచి సింపేత్తాది. జాగర్తని మీరే అన్నారు కదేటి?"

నా అరుపుకి అందరూ పరుగెత్తుకొచ్చారు. "నన్నేడిపించి నువ్విక్కడ కాళ్ళు గోక్కుంటన్నావేటి?" అని నూకాలు చెయ్యెత్తింది.

సర్జన్ గారు మంచం మీద కూర్చుని కాగితం మీద బొమ్మ గీశారు. "ఇది ఉత్త నీళ్ళ సంచి అప్పన్నా. దీనికి కాళ్ళు లేవు, చెవులు లేవు. పగలకుండా చూసుకోవడం నా పని."

"సెవులు నేవా? నిన్నట్నించీ దగ్గు ఆపుకుంటన్నాను బాబూ!" అని అప్పన్న వార్డంతా అదిరేలా దగ్గాడు.

ఇక తొందర లేదని, ముందు అనుకున్నట్టు సోమవారమే లామినెక్టమీ చేశారు. వెన్నెముక వెనక ఎముక తొలగించి దారి చేయడమన్నమాట. ద్రాక్షపళ్ళలాంటి సంచులు ఒక్కటీ పగలకుండా బయటికొచ్చాయి. ఆరు వారాలకి అప్పన్న నూకాలు భుజం పట్టుకుని, నడిచి గేటు దాటాడు.

అంతా ఒక్క ముక్కలో చెప్పేసినందుకు నాకే సిగ్గేసింది. ఆనాటి నుంచి పేషెంటుకి ఏం చెప్పినా, "ఇప్పుడు నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అని అడగడం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా అడిగాను. నేను చెప్పింది చెప్పినట్టు తిరిగొచ్చిన రోజులు చాలా తక్కువ.