అవ్వ నోరు తెరవకముందే నేను చెప్పిన జవాబులు

సహోదరులారా, సహోదరీలారా! ఏడో తరగతి మీద నాకు ఎంత ప్రేమంటే రెండేళ్లు దాన్ని వదల్లేదు, మూడో ఏడు కూడా ఉండిపోదామనుకుంటే మాస్టారే చేతులు జోడించి, బాబూ సుందర్రావూ, ఇక ఏదైనా పని చూసుకో అని పంపేశారు. అలాంటి నా మాటలతో ఒక యూనివర్సిటీ అమ్మాయి డాక్టరేటు పుస్తకంలో ఒక అధ్యాయమంతా నిండిపోయింది! నవ్వకండి, ఆ రోజుల్లో నేనూ నవ్వాను, అదే నా చీకటి. కొందరిని సారా పట్టుకుంటుంది, కొందరిని పేకాట పట్టుకుంటుంది, నన్ను నా నోరే పట్టుకుంది.

నేను చింతపల్లి నుంచి పైన మా కొండ ఊళ్లకు షేర్ జీపు నడుపుతాను. కువి మా ఇంటి భాష, తెలుగు సంతలో వచ్చింది, అందుకని కింద నుంచి పరిశోధనకు వచ్చే పిల్లలందరూ నన్నే వెతుక్కునేవారు. అలా వచ్చింది లావణ్య. మా ఆడవాళ్లు కొర్ర విత్తనం, సామ విత్తనం చెడిపోకుండా ఏడాది మీద ఏడాది ఎలా దాస్తారో తెలుసుకుని రాయడమే ఆమె చదువు. ఆమె తెలుగులో అడిగితే నేను కువిలో అవ్వను అడగాలి, అవ్వ చెప్పింది తిరిగి తెలుగులో చెప్పాలి, అంతే నా పని.

అవ్వంటే నా సొంత అవ్వ కాదు, ఊరందరికీ అవ్వే, విత్తనం కావలసినవాళ్లు ఆమె గుమ్మం దగ్గరికే వెళ్తారు. అయితే మా ఊళ్లో పెద్దవాళ్లు విత్తనం సంగతి అడగ్గానే చెప్పరు, తొందరపడి చెబితే విత్తనాన్ని చులకన చేసినట్టు. చేటలో గింజలు చెరుగుతూ, పొగమంచులోకి చూస్తూ అవ్వ అలా ఉండిపోయేది, ఎదుటి కొండ కాసేపు కనబడేది, మళ్లీ కలలో కొండలా కరిగిపోయేది, కాఫీ తోటలో ఎక్కడో ఒక పిట్ట కూసి మానుకునేది, అవ్వ పెదవి మాత్రం కదిలేది కాదు. ఆ నిశ్శబ్దం నాకు ఒళ్లంతా దురద పుట్టించేది, సహోదరులారా!

"ఏమంటోంది అన్నయ్యా?" అని లావణ్య పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగింది.

"కొత్త కోడలు విత్తనాన్ని సొరబుర్రలో పోసి పాట పాడతాదంట చెల్లెమ్మా, పాట బాగుంటేనే మొలుస్తాదంట!"

సరదాకే అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి, గబగబా రాసుకుంది. ఆ మెరుపు కోసం మరుసటి నెల ఇంకోటి చెప్పాను, ఆ పై నెల ఇంకోటి, అలా రెండేళ్లు! అవ్వ నోరు తెరవబోయేసరికి నేను తర్వాతి ప్రశ్నలో ఉండేవాణ్ణి. మా ఆవిడ మొహం మీదే అడిగింది, "ఆ గుంట నిన్ను నమ్మి రాసుకుంతంది, నీకు సిగ్గు నేదేటి?" అని. మానుదామనుకునేవాణ్ణి, గుమ్మంలో కూర్చోగానే నోరు తనంతట తనే లేచేది.

లావణ్యకు చదువు నేర్పే మేడం దగ్గర ఒక కట్టడి ఉంది. రాసినదాన్ని, ఎవరు చెప్పారో వాళ్ల గుమ్మంలోనే వాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లు ఔనంటేనే ఆవిడ సంతకం. ఒక చలికాలం ఉదయం లావణ్యనూ మేడంనూ ఎక్కించుకుని బయల్దేరాను. పుస్తకం అప్పగించే గడువు ఆ నెలాఖరుతో సరి, ఇప్పటికే ఒకసారి పొడిగించారు, అది దాటితే లావణ్య చదువు అక్కడితో ఆగిపోతుంది. "అవ్వ ఔనంటే చాలన్నయ్యా," అంది నావైపు చూస్తూ. చదివేది ఆమె, వినేది అవ్వ, మధ్యలో నేను! అవ్వతో వేరే ఏదో చెప్పి తల ఊపిస్తే ఎవరికి తెలుస్తుంది? సాతాను ఆ మాట ఎంత తియ్యగా చెప్పాడో!

ఊట దగ్గర జీపు ఆపి, రేడియేటర్‌లో నీళ్లు పోసే నెపంతో దిగాను. మంచులో నా చెయ్యి నాకే కనబడలేదు, భూమి మీద ఉన్నానో మబ్బులో ఉన్నానో తెలియలేదు. "ప్రభువా, ఈ నోరు నా మాట వినడం లేదు, నువ్వు తీసుకో, నాకు తిరిగి ఇస్తే కడిగి ఇవ్వు," అని ఏడ్చాను.

గుమ్మంలో లావణ్య చదివింది, కొత్త కోడలు, సొరబుర్ర, పాట. నేను అవ్వ వైపు తిరిగాను. నీ పేరు చెప్పి నేను ఆడిన అబద్ధాలు ఇవి అని కువిలో అంతా చెప్పేశాను, తర్వాత తెలుగులో వాళ్లకూ చెప్పాను.

"నా రెండేళ్లు అన్నయ్యా!" అంది లావణ్య.

అవ్వ చేట పక్కన పెట్టి అంది, "నీకంత తొందరేటిరా? నేను సెప్తాననే కూకున్నాను."

మేడం తిడతారనుకున్నాను. "తప్పు మీ ఒక్కరిదే కాదు సుందర్రావు గారూ, ఈమె ఆగలేదు, నేనేమో కింద గదిలో కూర్చుని చదువుకుంటూ సరే అనుకున్నాను," అన్నారు. లావణ్యతో, "ఆ పేజీలు చింపకు, గీత కొట్టి ఉంచుకో, మళ్లీ మొదలుపెట్టు. గడువు కోసం నేను వెళ్లి అడుగుతాను," అన్నారు.

మా సంఘమంతా ఆ అమ్మాయి కోసం ఉపవాస ప్రార్థన చేసింది, నేనైతే తిండి ముట్టలేదు. ఇంకో పంటకాలం గడువు ఇచ్చారని కబురొచ్చింది! దేవునికే మహిమ! ఆ పంటకాలమంతా ముగ్గురం గుమ్మంలో కూర్చున్నాం. మంచు వచ్చేది, పోయేది, కాఫీ చెట్లు పూసి కొండంతా తెల్లగా మత్తుగా వాసనేసేది, అవ్వ చెప్పేది, నేను అవ్వ మాటను అవ్వ మాటగానే దించేవాణ్ణి, నా నోట్లో ఎవరో చల్లటి నీళ్లు పోసినట్టుండేది. లావణ్య ఇవాళ డాక్టర్ లావణ్య. మేడం కొత్తగా తీసుకున్న ప్రతి విద్యార్థినీ ముందు పుస్తకం లేకుండా అవ్వ గుమ్మంలో కూర్చోబెడుతున్నారు.

మీలో ఎవరినైనా మీ నోరే ఏలుతుంటే, సిగ్గుపడకండి, ఆయన చేతిలో పెట్టండి, నాలాంటివాడి నోరే ఆయనకు బరువు కాలేదు, మీది అసలే కాదు!

ఈ సాక్ష్యం మొదట మా సంఘంలో కువిలో చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో అవ్వ కూర్చుంది. బయటికొచ్చాక, ఎలా చెప్పానవ్వా అని ఛాతీ విరుచుకుని అడిగాను.

"ఇంతసేపు సెప్పేవు," అంది అవ్వ, "ఇత్తనం ఎలాగ దాస్తారో నేను సెప్పింది ఒక్క ముక్కైనా సెప్పేవేటిరా?"