మూడో పిలుపు

నలభైల నాటి మాట. హైస్కూలు ఆఖరి పరీక్ష మూడోసారి కూడా తప్పాను. మా నాయన ఏటా ఎండాకాలం అలిపిరిలో, కొండెక్కేవాళ్ళ కోసం చలివేంద్రం పెట్టేవాడు. ఆ ఏడు మజ్జిగ పోయడానికి నన్ను కూర్చోబెట్టాడు. ఊళ్ళో మొహం చూపించుకునే పరిస్థితి ఎలాగూ లేదు కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాను.

చదువు చెప్పిన అయ్యవారు ఒకరు జాలిపడి నాకో పాత పత్రిక ఇచ్చారు. అందులో ఎన్నో తరాల కిందటి చీనా కథకుడి సంగతి ఉంది. ఆయన కూడా పరీక్షలు తప్పుతూ తప్పుతూనే ముసలివాడైపోయాడట. కలిగినవాళ్ళ ఇంట్లో పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసుకుంటూ, దయ్యాల కథలు, ఆడవాళ్ళుగా మారే నక్కల కథలు వందలకొద్దీ రాశాడట. దారిపక్క చాప పరుచుకుని, పోయేవాళ్ళకు టీ ఇచ్చి కథలు చెప్పించుకునేవాడని కూడా అంటారట. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయనకు టీ అయితే నాకు మజ్జిగ! ఆ సాయంత్రమే నోటుబుక్కు తెచ్చుకున్నాను.

ఇక పగలంతా కథలే. పరీక్ష తప్పినవాణ్ణి కాదు, రచయితనని మురిసిపోయాను. అన్ని దయ్యాల కథలు విన్నాక ఆయన ఎలా బతికాడో మాత్రం పత్రికలో రాయలేదు. వారం తిరిగేసరికి కుండ మీద మూత కదిలినా నా గుండె జల్లుమనేది.

ఒకరోజు పలమనేరు నుంచి వచ్చిన అవ్వ రెండు ముంతల మజ్జిగ తాగి, గొంతు తగ్గించి చెప్పింది.

"మా పక్క బాయిలో ఒకటుండాది నాయనా. మిట్టమద్యానం మనోళ్ళ గొంతుతోనే పిలుస్తాది. ఒక్కతూరే పిలుస్తాది. పలికినోడు మల్లా ఇంటికి రాలా."

ఆ మాట నాకు కొత్త కాదు. మిట్టమధ్యాహ్నం ఎవరు పిలిచినా మూడో పిలుపుకు గానీ పలకరాదని చిన్నప్పుడు నేర్పింది మా నాయనే.

అవ్వ వెళ్ళిపోయింది. ఎండ మండిపోతోంది, దారిలో నరపురుగు లేదు. నాయన నీళ్ళకని పందిరి వెనక దిగుడుబావికి పోయాడు. నేను అవ్వ కథ రాసుకుంటున్నాను. అప్పుడు వెనకనుంచి పిలుపు వచ్చింది.

"అబ్బోడా!"

నాయన గొంతే. కానీ సన్నగా, ఎక్కడో లోతులోంచి వచ్చింది. రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. రాకపోయేసరికి అది నాయన కాదని తేలిపోయింది నాకు. కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అనుకుంటూ కుండను వాటేసుకున్నాను. ఎంతసేపలా ఉన్నానో ఇప్పటికీ తెలియదు.

డోలీ మోసేవాళ్ళిద్దరు బావి వైపు పోయి కేకలు పెడితే అప్పుడు లేచాను. పాచిమెట్టు మీద జారి, కాలు విరిగి, గడ్డం దాకా నీళ్ళలో రాతి అంచు పట్టుకుని ఉన్నాడు నాయన.

పైకి తీశాక నన్ను చూసి, "ఒకతూరి పిలిస్తి అబ్బోడా. ఇంకోతూరికి ఊపిరి చాల్లేదు" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఎందుకు పలకలేదో ఏడుస్తూ చెప్పాను. ఆయన "నేను నేర్పిందే గదా" అన్నాడు.

నోటుబుక్కు పొయ్యిలో పెట్టాను. చీనా కథకుడి గుండె నాకు లేదు. నాయన కుంటుకుంటూ చాలా ఏళ్ళు బతికాడు. బతికినన్నాళ్ళూ, పక్క గదిలోంచి మంచినీళ్ళు అడగడానికైనా, నన్ను వరసగా మూడుసార్లు పిలిచేవాడు. మొదటి పిలుపుకే పరుగెత్తుకుపోయి ఎదురుగా నిలబడేవాణ్ణి. నన్ను చూస్తూనే మిగతా రెండుసార్లూ పిలిచేవాడు.