మా బావ అడిగిన ఏడు నిమిషాల ప్రశ్న

పొద్దున చాయ్ తాగుతూ ఫోను తెరిస్తే, సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసేవాళ్ల గ్రూపులో ఎవరో కొత్తాయన ఒక్క ముక్క రాశాడు: "మిషిన్ నడుస్తలేదు, ఏం చేయాలె?" ఏ మిషినో లేదు, ఏమయిందో లేదు. డాక్టరు దగ్గరికి పోయి "బాగలేదు" అని, ఎవరికో చెప్పకుండా కూర్చున్నట్టుంది. నవ్వుకున్నాను. నవ్వు మధ్యలో మా బావ గుర్తొచ్చాడు.

మా బావ దీనికి పూర్తిగా ఎదురు. టైమెంతయిందంటే గడియారం ఎవరు కొనిచ్చారో అక్కడ మొదలుపెడతాడు. సిరిసిల్లలో ఇంటి ముందుగదిలోనే రెండు సాంచెలు నడిపేవాడు. ఒక ఎండాకాలం వాటి మీద పడుగు దారాలు పుటుక్కు పుటుక్కున తెగసాగాయి. మూరెడు నేయడం, ఆపడం, ముడేయడం. నేసిన గుడ్డ నిండా ముడులే. వీధిలో సగం ఇళ్లు అప్పటికే మగ్గాల పనికి భీవండికి వలసపోయాయి. బావ పాస్‌పోర్టు కోరుట్లలో ఏజెంటు దగ్గరుంది. శుక్రవారం ఔనో కాదో చెప్పాలి. ఔనంటే మస్కట్. అక్క ఫోన్ చేసింది: "తమ్మీ, సాంచె నడిస్తె మీ బావ ఈడ ఉంటడు, లేకుంటె పోతడు. నువ్వే ఏమన్న జెయ్యి."

నాది జగిత్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది. అయినా గ్రూపుల్లో ఎలా అడగాలో నాకే తెలుసని గర్వం. బావ కోసమే ఆ సాంచెల గ్రూపులో చేరాను. అందులో పెట్టమని బావ నాకు తన గొంతుతో ఏడు నిమిషాల మెసేజ్ పంపాడు. అందరికీ దండాలు, ఎండ, మా అక్క మోకాలు, పక్కింటివాళ్లు భీవండి పోవడం, వాళ్ల కోడి వచ్చి వీళ్లింట్లో గుడ్లు పెట్టడం, అన్నీ ఉన్నాయి. సాంచె ఐదో నిమిషంలో వచ్చింది.

"బావా, ప్రశ్న అడిగినవా, పెండ్లి పత్రిక రాసినవా?" అన్నాను.

"అరే బామ్మర్దీ, అడిగేటోని సంగతి తెల్వకుంటె చెప్పేటోడు ఏమని జెప్తడురా?"

వినలేదు. కత్తెర పట్టి ఒక్క వరుస చేశాను: "కాటన్ పడుగు తెగుతోంది, కారణం?" జవాబులు కుప్పపడ్డాయి. దారం మార్చు, గంజి పెంచు, బిగువు తగ్గించు. బావ అన్నీ చేశాడు. దారం తెగుతూనే ఉంది. గురువారం వచ్చింది.

ఓడిపోయి, బావ గొంతును ఉన్నదున్నట్టు గ్రూపులో పడేశాను. నలుగురు నవ్వారు. "గిది ప్రశ్న గాదు, ఒగ్గుకథ" అని ఒకాయన రాశాడు. మధ్యాహ్నం షోలాపూర్ నుంచి ఒక ముసలాయన ఫోన్ చేశాడు. ఆయనా ఎప్పుడో సిరిసిల్ల వదిలిపోయినవాడే.

"మూడో నిమిషంల ఏమన్నడో మంచిగ ఇన్నవా?"

మళ్లీ విన్నాను. వెనక సాంచెల జోకొట్టే చప్పుడు, దాని మీద తేలుతూ, నిద్దట్లో మాట్లాడినట్టు బావ గొంతు: "పక్కింటోళ్లు పోయినంక గోడవతల బట్టలుతికే సప్పుడు లేదు. ఆ బండ నీళ్లకు మా గోడ ఎప్పుడూ సల్లగుండె. గిప్పుడు ఇల్లంత ఎండిపోయినట్టున్నది." అదంతా ఆయన బెంగ అనుకుని నేను కోసిపారేసిన ముక్క.

"గదే రోగం కొడుకా," అన్నాడు ముసలాయన. "చెమ్మ లేకుంటె నూలు నిలువదు. గోనెసంచులు తడిపి గోడకు కట్టుండ్రి."

వెంటనే సిరిసిల్ల బస్సెక్కాను. అక్కా నేనూ సంచులు తడిపి గోడంతా వేలాడదీశాం, నేల మీద నీళ్లు చల్లాం. గదిలో తొలివాన పడ్డట్టు మట్టివాసన లేచింది. బావ మోటారు వేశాడు. మూరెడు. బారెడు. దారం తెగలేదు. ముగ్గురం ఆ చప్పుడులో పడవలో నిలబడ్డట్టు ఊగుతూ ఉండిపోయాం.

మర్నాడు బావ కోరుట్ల పోయి పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. ఏజెంటుకు ఎన్ని నిమిషాల కథ చెప్పావని ఆటపట్టించాను.

"ఒక్కటే మాట జెప్పిన," అన్నాడు. "పోను."

ఆ పక్కింటికి ఇప్పటికీ తాళమే. ఒక మనిషి వెళ్లిపోతే వెనకాల ఏమేం ఎండిపోతాయో కాలం ముందుగా చెప్పదు, ఒక్కో పోగూ తెంపి చూపిస్తుంది.