అత్త ఫోన్లో నీళ్ల ట్యాంకర్

నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి, సర్జాపుర రోడ్డులోని మా ఇంటి హాల్లోనే ఒక వీడియో గేమ్ చేశాం. నీళ్ల ట్యాంకర్ నడుపుతూ అపార్ట్‌మెంట్లకు నీళ్లు చేర్చాలి, అంతే. గుంతలు, ఆవులు, రాంగ్ సైడులో ఎదురొచ్చే స్కూటర్లు అన్నీ ఉంటాయి. వీటికోసం పెద్దగా ఊహించాల్సిన పని పడలేదు, కిటికీ తీస్తే చాలు.

తయారవుతున్న ఆటను మొదట మా అత్త ఫోన్లో పెట్టాను. ఆడి చూసే మనిషి కావాలి, జీతమిచ్చే స్తోమత లేదు. వారం తిరక్కుండానే ఆమెకు కుక్కర్ విజిల్ వినిపించడం మానేసింది. "ఏమ్మే, మూడో మలుపులో ఆవు గాల్లో నిలబడుకోనుండాది, చూసుకో" అని తప్పులు పట్టేది. ఒళ్లు మండేది. కానీ ఆవు నిజంగానే గాల్లో ఉండేది.

ఆట సంగతి తెలిసి, టీవీకి తగిలించి ఆడుకునే కన్సోల్ డబ్బాలు తయారుచేసే కంపెనీలు రెండు వెంటపడ్డాయి. ఒకళ్లు ఆటను కొంటామన్నారు. ఇంకొకళ్లు ఏకంగా మమ్మల్నే కొంటామన్నారు. ఆటను అమ్ముకోవడమే మర్యాదనిపించింది. షరతు ఒకటే, ఆట వాళ్ల డబ్బాలో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. ఆడాలంటే జనం ఆ డబ్బా కొనాలి, అదీ వాళ్ల ఎత్తు. ఇది కుదరకపోతే మేం ముగ్గురం మళ్లీ ఎలక్ట్రానిక్ సిటీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పోవాల్సిందే.

సంతకాల రోజు కంపెనీ మనిషి ఇంటికొచ్చాడు. తెలుగాయనే. అత్త కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఆట మొదలుపెట్టింది. ట్యాంకర్ హారన్ విని అతను ఉలిక్కిపడ్డాడు.

"అమ్మా, అది ఫోన్లోంచి తీసేయాలండీ."

"ఎందుకు తీయల్ల? ఆ ఆవును కిందికి దింపిచ్చింది ఎవరనుకున్నావప్పా? ఇది తీసేస్తే ఈ ఇంట్లో సంతకం లేదు, పో."

నాకు అత్త మీద పట్టరాని కోపమొచ్చింది. అతను బాల్కనీలోకి పోయి ఎవరితోనో చాలాసేపు మాట్లాడొచ్చాడు. చివరికి ఒప్పందంలో ఒక వాక్యం చేరింది: వాళ్ల డబ్బా బయట ఈ ఆట మా అత్త ఫోన్లో మాత్రం ఉండొచ్చు, ఆమె మాత్రమే ఆడొచ్చు.

ఆట విడుదలైంది. పని కోసమని మాకిచ్చిన డబ్బాను కంపెనీవాళ్లు పట్టుకుపోయారు. కొత్తది మేమింకా కొనలేదు. మొన్న ఎందుకో ఆడాలని మనసు లాగింది.

"అత్తా, ఒకసారి ఫోనియ్యి."

"నువ్వు ఆడొచ్చని దాంట్లో రాసిండారా?" అంది, తల ఎత్తకుండానే.

రాయలేదు. కింద సంతకం మాత్రం నాదే.