మబ్బు వెనక సన్నాయి

కొల్లాపూర్ మామిడి తోటల పక్కన ఉండే అబ్దుల్ మజీద్ చిన్నప్పటి నుంచి పెళ్లిళ్లలో సన్నాయి ఊదినవాడు. అరవై దాటాక తన సన్నాయే ఆయనకు మసకగా వినిపించసాగింది. పైస్వరాలు ఎక్కడో మబ్బుల వెనక్కి జారిపోయేవి. ఊపిరిలో బలం తగ్గిందనుకొని వాయించడం మానేశాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కూతురు హుమేరా, ఆయన చివరిసారి వాయించిన పెళ్లి రికార్డింగును లాప్‌టాప్‌లో పెట్టి, హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకు తగిలించింది.

"గదే మొద్దు చప్పుడు బిడ్డా. నా దమ్ము అయిపోయింది," అన్నాడు మజీద్.

"జర ఆగు అబ్బా," అంటూ ఆమె ప్లేయర్‌లో శబ్దాల హెచ్చుతగ్గులు సవరించే ఈక్వలైజర్ తెరిచింది. డోలు మోత తగ్గేలా ఒక గీతను కిందికి దించింది. సన్నని శబ్దాల గీతలను నెమ్మదిగా పైకి జరిపింది.

మజీద్ కళ్లు మూసుకున్నాడు. కృష్ణా నది మీద పొద్దుటి మంచు విడిపోతున్నట్టు, సన్నాయి ఒక్కో స్వరమే తేలి పైకి లేచింది. చివరి మలుపులో అది వణికి, నిలిచి, తీయగా సాగింది. ఆయన వేళ్లు ఒళ్లో వాటంతటవే కదిలాయి.

"గిది నేనేనా?"

"నువ్వే అబ్బా. నీ దమ్ము మంచిగనే ఉంది. చెవులే జర అలసినయ్."

ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. సాయంత్రం అటక మీది సన్నాయి దించి ఊదాడు. పైస్వరాలు తనకు సరిగ్గా అందకపోయినా, అవి ఉన్నాయన్న నమ్మకంతో వాయించాడు. తోటలో కాయలు కోస్తున్నవాళ్లు చేతులాపి అటు తిరిగారు.