నీళ్లొచ్చిన నాటి బొగ్గు బట్టీ

నాకు పెండ్లయి ఆ ఇంటికి వెళ్లేనాటికి మా అత్త ముప్పై ఏండ్లుగా బొగ్గు కాలుస్తోంది. చిట్యాలకు కొంత దూరంలో, రాళ్ల గుట్టల నడుమ ఉంటుంది మా ఊరు. నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. పుట్టింట్లో పొయ్యి ముట్టించడం తప్ప నిప్పుతో నాకు వేరే పని పడలేదు. మొదటిసారి బట్టీ దగ్గరికి తీసుకుపోయిన రోజు అత్త నా చేతికి ఒక పొడుగాటి కట్టె ఇచ్చింది.

"పైకెక్కితే ముందు దీంతోని కొట్టి సూడు పిల్లా. గట్టిగ చప్పుడైతెనే అడుగెయ్యి. డొల్లగ ఇనబడితె ఎనకకు రా. ఏం ఆలోచన చెయ్యకు, ఎనకకు రా."

నరికిన తుమ్మ మొద్దులను గోపురంలా పేర్చి, మీద పచ్చి ఆకూ గడ్డీ పరిచి, ఆపైన తడిమన్ను మందంగా మెత్తుతారు. నడినెత్తిన ఒక పెద్ద బొక్క, అడుగున చుట్టూ చిన్న బొక్కలు వదులుతారు. లోపల వేసిన నిప్పు మండకూడదు, ఊరికే కనలాలి. మంట లేచిందంటే కట్టె బూడిదైపోతుంది. రోజులు గడిచేకొద్దీ లోపలి కట్టె కుంగుతుంది, దాంతోపాటు పైనున్న మన్నూ కుంగి పగులుతుంది. ఆ పగుళ్లను తడిమన్నుతో పూడ్చాలంటే పైకెక్కాలి. నిప్పులున్న గది కప్పు మీద నడవడమే అది.

మా అత్త చెల్లెలు అలా నడుస్తూనే పోయింది. నా పెండ్లికి చాలా ముందు జరిగిన సంగతి. మా ఆయన ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ తల వంచుకుని. కప్పు కూలితే నడుము దాకా దిగబడిందట. పైకి లాగినా మూడు రోజులకు మించి బతకలేదట. అత్త మాత్రం ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలేదు. కానీ నేను బట్టీ ఎక్కిన ప్రతిసారీ ఆమె చేస్తున్న పని ఆపేసి, నేను దిగేదాకా నా పాదాలనే చూసేది. ఆ చూపు వల్లే నా భయం రెట్టింపయ్యేది.

మిగతా ముచ్చట్లు బాగానే చెప్పేది. కంప నరుకుతూ, ముల్లు దిగిన చోట పంటితో లాగి ఉమ్మేస్తూ, తన తండ్రి కాలం సంగతులు చెప్పేది.

"గీ గుట్టల మీద గీ ముండ్లకంప ఏడిది పిల్లా! సండ్ర ఉండె, తునికి ఉండె, నారెప ఉండె. మా నాయిన గా చెట్లన్ని బొగ్గు జేసిండు. బండ్ల మీద ఆలేరు టేషన్‌కు పోయేది, ఆడికెల్లి పట్నం పోయేది. పట్నంల బస్సులు గూడ బొగ్గుతోనే నడిచేటియంట. నడిచినయో లేదో, గుట్టలైతె బోడయినయ్. ఎనుక సర్కారోళ్లు గీ తుమ్మ ఇత్తనం సల్లిన్రు. గిప్పుడు గిదొక్కటే మిగిలింది మనకు."

నాకు ఆ బోడి గుట్టలను చూస్తేనే గుబులు పుట్టేది. ఒక మనిషి జీవితకాలంలో ఒక అడవంతా పొయ్యిలోకి పోగలదంటే, ఈ తుమ్మ ఎన్నాళ్లు ఉంటుంది, అది అయిపోయాక మేమేం కాలుస్తాం అనుకునేదాన్ని.

కొత్త రాష్ట్రం వచ్చాక ఊరూరా చెరువుల పూడిక తీయడం మొదలైంది. మా చెరువు ఎండిపోయి చాలా ఏండ్లయింది. లోపల మనిషి దూరలేనంత తుమ్మ పెరిగింది. కాలువ నీళ్లు వస్తాయి, కంపంతా కొట్టేయాలి అన్నారు. కొట్టింది కాల్చుకోమని పంచాయతీ వాళ్లు మాకు చెప్పారు. రెండు నెలలు నేనూ, అత్తా, మా ఆయనా చెరువులోనే గుడిసె వేసుకుని ఉన్నాం. ఒకదాని తర్వాత ఒకటిగా బట్టీలు కాల్చి, చివరి దాన్ని అన్నిటికంటే పెద్దగా, చెరువు నడుమ పల్లంలో పేర్చాం. అంతంత మొద్దులు గట్టు దాకా మోసుకుపోయే ఓపిక అప్పటికి ఎవరికీ మిగల్లేదు.

సోమవారం నీళ్లు వదులుతారని ఊళ్లో చాటింపు వేశారు. శనివారానికల్లా బట్టీ విప్పేయొచ్చని అత్త లెక్క.

గురువారం పొద్దున మా ఆయన బొగ్గు బస్తాల కోసం చిట్యాల పోయాడు. నేను బట్టీ దగ్గర మన్ను తడుపుతున్నాను. ముందు కనిపించినవి ఎలుకలు. పట్టపగలు బొరియల్లోంచి బయటపడి, పదులకొద్దీ, అన్నీ ఒకే దిక్కుకు ఉరుకుతున్నాయి. వాటి వెనకాలే ఒక జెర్రిపోతు వచ్చింది. ఎలుకల వంక చూడకుండా, నన్ను కూడా లెక్కచేయకుండా, నా కాళ్ల పక్కనుంచే జారిపోయింది.

"అత్తా, పాములు గట్ల పోతున్నయేంది?"

ఆమె తల పక్కకు వంచి విన్నది. దూరంగా బుడబుడమని చప్పుడు. ఎండిన నేల నీళ్లు తాగే చప్పుడు అది.

"నీళ్లొస్తున్నయే," అంది.

సోమవారం అన్నవాళ్లు గురువారమే వదిలేశారు. కాలువ దిక్కునుంచి నీళ్లు నెమ్మదిగానే వస్తున్నాయి. ఎర్రటి నురుగునూ ఎండుటాకులనూ ముందుకు తోసుకుంటూ, పగుళ్లలోకి దిగి కనబడకుండాపోయి, మళ్లీ ఇంకాస్త దగ్గర్లో పైకి లేస్తున్నాయి. ఉరికొచ్చినా అంత భయపడేదాన్ని కాదేమో. చెరువు కట్ట మీద అప్పటికే జనం చేరారు, డప్పులు మోగుతున్నాయి. ఎన్నో ఏండ్లకు చెరువులోకి నీళ్లు వస్తుంటే ఎవరు మాత్రం సంబురపడరు? నేను కొంగు విప్పి ఊపుతూ గొంతు చించుకుని అరిచాను. వాళ్లు కూడా తువ్వాళ్లు తీసి నాకేసి సంతోషంగా ఊపారు.

మేమిద్దరం పారలతో బట్టీ చుట్టూ కట్ట పోయడం మొదలుపెట్టాం. మోకాలెత్తు కూడా కాకముందే నీళ్లు వచ్చి దాన్ని తాకాయి.

"నిప్పుల మీదికి నీళ్లు వోతె బట్టీ పగులుతది," అంది అత్త. "బొక్కలన్ని ముయ్యాలె. గాలాడకుంటె నిప్పు జర సల్లబడతది. నువ్వు కిందియి మూసుకుంట రా, నేను మీదిది మూస్తా."

"వద్దత్తా, ఇడిసిపెట్టి పోదాం!"

"రెండు నెలల రెక్కల కష్టం పిల్లా," అని నిచ్చెన వేసుకుని, మన్ను తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కేసింది. కట్టె తీసుకోలేదు. నేను చూసినంతలో ఆమె కట్టె లేకుండా బట్టీ ఎక్కడం అదొక్కసారే.

నేను మూడో బొక్క మూస్తుండగా నా వెనక మేము పోసిన కట్ట తెగింది. నీళ్లు నా మడమలను చుట్టుకుని, బట్టీ అడుగుకు తాకి, ఇంకా మూయని బొక్కల్లోకి పోయాయి. లోపల పెద్ద పాము బుసకొట్టినట్టయింది. ఆ వెంటనే తెల్లటి ఆవిరి కుప్పగా బయటికి తన్నింది. నా చెయ్యి చుర్రుమంది.

"ఉరుకు!" అని పైనుంచి అత్త అరిచింది.

నేను ఉరికాను. ఇరవై అడుగులో, ముప్పై అడుగులో నీళ్లలో పడుతూ లేస్తూ ఉరికాను. ఈ మాట చెప్పడం ఇప్పటికీ నాకు కష్టమే. నా వెనక ఆమె ఉందన్నది ఆ కాసేపు నాకు గుర్తే లేదు. వెనక్కి తిరిగి చూసేసరికి బట్టీ నెత్తి సగం కుంగి ఉంది. అత్త ఒక కాలు మోకాలి దాకా లోపలికి దిగబడి, రెండు చేతులతో మన్నును పట్టుకుని ఉంది. ఆమె అరవడం లేదు. నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

ఎలా తిరిగి వెళ్లానో చెప్పలేను. నిచ్చెన ఎక్కి కొసమెట్టు మీద బోర్లా పడుకుని చేయి చాచాను. నా పొట్ట కింద మన్ను పెనంలా కాలుతోంది, కదులుతోంది. ఆమె వేళ్లు దొరికాయి, జారాయి, మళ్లీ దొరికాయి. మణికట్టు పట్టుకుని లాగాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం దొర్లుకుంటూ నిచ్చెనతో సహా నీళ్లలో పడ్డాం. ఆమెను చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ పోతున్నాను. అంతలో వెనక దబ్బుమని చప్పుడైంది. నిప్పు ముక్కలు మా మీదుగా ఎగిరి చుట్టూ నీళ్లలో చుయ్యి చుయ్యిమని పడ్డాయి. నల్లటి ఆవిరి చెరువు నడుమంతా కమ్మేసింది. అప్పుడు గానీ కట్ట మీద డప్పులు ఆగలేదు.

ఊరివాళ్లు నీళ్లలోకి దిగి వచ్చి ఆమెను మంచం మీద మోసుకుపోయారు. మా ఆయన బస్తాలతో తిరిగొచ్చేసరికి మేము నల్లగొండ దవాఖానలో ఉన్నాం. కాలు దక్కుతుందో లేదో డాక్టర్లు వారం దాకా చెప్పలేదు. ఆ వారం నేను గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కళ్లు మూసుకుంటే నేల కుంగినట్టయ్యేది. చివరికి కాలు దక్కింది గానీ రెండు వేళ్లు తీసేశారు.

మందు మత్తు తగ్గిన రోజు అత్త నన్ను దగ్గరికి పిలిచింది. కాలి గురించి అడుగుతుందనుకున్నాను.

"ఆఖరుకు పొగ ఏ రంగు ఉండె?"

బొగ్గు తయారైందో లేదో పొగ రంగును బట్టే తెలుస్తుంది. తెల్లగా ఉంటే ఇంకా కావాలి, పలచగా నీలంగా మారితే అయినట్టు.

"నీలంగనే ఉండె అత్తా," అన్నాను. నిజానికి నేను చూడలేదు.

"అయితె మంచి బొగ్గే," అని కళ్లు మూసుకుంది. నేను ఏడుపు ఆపుకోలేక, ఆమెను వదిలి ఉరికిన సంగతి చెప్పేశాను.

"ఉరుకు అన్నది నేనే గదనే," అంది.

ఆ తర్వాత మేము బట్టీ పెట్టలేదు. చెరువులో మిగిలిన తుమ్మ నీళ్లలో కుళ్లి, ఎముకల్లా తెల్లబడి విరిగిపోయింది. ఇప్పుడు అక్కడ చేపలు పడతారు. గుట్టల మీద మాత్రం ఇంకా పొదలే, పెద్ద చెట్టు ఒక్కటీ లేదు. మా ఆయన ట్రాక్టరు నడుపుతున్నాడు, నేను బడిలో అన్నం వండుతున్నాను. బడిలో గ్యాసు పొయ్యి ఉంది. గ్యాసు రాని రోజుల్లో కట్టెల పొయ్యి ముట్టించాల్సి వస్తే, తోటి వంటామెనే ముట్టించమంటాను. ఎందుకని ఆమె ఎన్నడూ అడగలేదు.

అత్త కర్ర పట్టుకుని నడుస్తుంది. ఏటా కాలువకు నీళ్లు వదిలారని తెలియగానే ఆమెకు అన్నం సహించదు. వాకిట్లో కూర్చుని మా ఆయనను తొందరపెడుతుంది.

"చెర్ల ఎవలన్న ఉన్నరేమో సూసి రాపో కొడుకా."

చెరువులో ఇప్పుడు ఎవరూ ఉండరని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆయన చెప్పులు వేసుకుని కట్ట మీదికి పోతాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వచ్చి, "ఎవలు లేరమ్మా," అని చెప్తాడు. అప్పుడు ఆమె కంచం దగ్గరికి జరుపుకుంటుంది.